చెప్పుకోని మంట

ఈ గుండీ ఊడి వస్తే, ఊడి ఏ పసివాడి నోట్లోనో పడితే, గొంతుకి అడ్డం పడితే, ఆ సమయానికి తల్లి పక్కన లేకపోతే, ఉన్నా అటు తిరిగి ఉంటే, అనుకుంటూ బట్టల ఫ్యాక్టరీలో ఆమె ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టి చిన్న చొక్కా పై గుండీని రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూసింది, గట్టిగానే ఉంది, కింద పెడల్ తొక్కగానే చిల్లుల ఇస్త్రీ బల్ల ఆవిరినంతా గుటుక్కున మింగేసింది, కాలరు మీద మళ్లీ పెట్టె జరిపింది, ఈ చొక్కాలు ఎక్కడికి పోతాయో, ఎవరి పిల్లలు తొడుక్కుంటారో తెలియదు, అయినా ప్రతి చొక్కాకీ ఒకసారి గుండీ లాగి చూడకపోతే ఆమెకు చెయ్యి ముందుకు సాగదు, ఎదురు బల్ల దగ్గర గుండీలు కుట్టే అక్క అది చూసి మూతి తిప్పుతుంది, ఏం కీడమ్మా, నా కుట్టు మీద నీకంత అపనమ్మకమా, ఆ పిల్లలకి తల్లులు లేరనుకున్నావా, అంటుంది, మడతలు పెట్టేవాళ్లు నవ్వుతారు, కీడమ్మ అని పేరు పెట్టింది కూడా ఆ అక్కే, కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, నువ్వు కీడెంచి అక్కడే చాప పరుచుకుని పడుకుంటావు అని, ఆ రోజు అందరితోపాటు తనూ నవ్వింది, నవ్వకపోతే ఇంకో పేరు పెడతారు, నవ్వుతూనే అనుకుంది, ఇప్పుడు బడిలో అన్నాల గంట కొట్టి ఉంటారు, పిల్లలంతా ఒక్కసారిగా మెట్లు దిగుతారు, వెనకనుంచి ఒక్కడు తోస్తే చాలు, కూతురు పిట్ట ఆ గోడ పక్కనే దిగుతోందో లేదో, చిలక్కి చెప్పినట్టు చెప్పింది, గోడ పట్టుకుని దిగు, అందరూ వెళ్లాకే దిగు, ఆకలైనా ఆగు అని.

సూపర్‌వైజర్ వస్తున్నాడు, చేతిలో ఫోను, పొద్దున్నే అందరి ఫోనులూ గుమ్మం దగ్గర బుట్టలో వేసి లోపలికి రావాలి, ఆ బుట్టలోంచి ఒక ఫోను బల్లల మధ్యకు నడిచొచ్చిందంటే ఎవరి కొంపో మునిగిందని అర్థం, ఎవరిదో పాపం అనుకుంటుండగానే ఫోను వెనక అంటించిన పువ్వు బొమ్మ కనిపించింది, అది పిట్ట అంటించిన పువ్వు, హలో అందో లేదో కూడా తెలియదు, బడి టీచరమ్మ గొంతు, మీరేం కంగారు పడకండి, పాప చేతికి కొంచెం, అంతవరకే వింది, కంగారు పడకండి అన్నారంటేనే పడాల్సింది ఏదో ఉందన్నమాట, మిగతాది వినే ధైర్యం లేక ఆమె వేలు దానంతటదే ఎర్ర గుర్తు నొక్కేసింది, నొక్కేశాక అయ్యో అనుకుంది, మళ్లీ చేద్దామంటే చెయ్యి రాలేదు, వినకపోతే ఇంకా జరగనట్టే ఉంటుంది కదా కాసేపు, పిట్టకి చెయ్యి అని మాత్రం అంది, గుండీలక్క ఏమీ అడగకుండా ఇటు వచ్చి పెట్టె స్విచ్చి తీసేసింది, పో, నీ బల్ల నేను చూసుకుంటా, చెప్పులు వేసుకుని పో, అంది, కీడమ్మా అనలేదు, ఆ ఒక్క మాట అనకపోవడంతోనే ఆమె ఇంకా హడలిపోయి గుమ్మం వైపు పరుగెత్తింది.

చెయ్యి అన్నారు, చెయ్యి అంటే విరిగిందా, విరిగితే కొంచెం అనరు, తలుపు సందులో వేళ్లు నలిగాయేమో, ఊయల గొలుసులో చిక్కిందేమో, ఊయల ఎక్కనివ్వద్దని టీచరమ్మకి బడి తెరిచిన మొదటి రోజే చెప్పింది, టీచరమ్మ నవ్వి, ఊయల ఎక్కని పిల్లలుంటారా అండీ అంది, ఉంటారండీ మా ఇంట్లో ఒకతి ఉంది అని తను చెప్పింది, కుక్క కరిచిందా, కుక్కలు తిరుగుతున్నాయి ఆ వీధిలో, లేక ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగారా, గేటు దగ్గర ఎవడో నిలబడుతున్నాడని కింద వాటా మామ్మ ఎప్పుడో అంది, పెద్ద రోడ్డు వచ్చేసింది, ఎప్పుడు దిగిందో కూడా తెలియదు, కీచుమని చప్పుడు, వ్యాను ఒకటి ఆమె చీర కుచ్చిళ్లకి తగిలీ తగలనట్టు ఆగింది, డ్రైవరు తల బయటపెట్టి, ఏమ్మా, ఇంట్లో చెప్పి వచ్చావా, అని అరిచాడు, ఇంట్లో ఎవరున్నారు చెప్పడానికి, అనుకుంది, కోపం కూడా రాలేదు, ఇంటాయన లారీ ఈపాటికి ఏ దారిలో ఉందో, ఫోను చేస్తే ఎత్తడు, నడిపేటప్పుడు ఎత్తొద్దని ఒట్టు పెట్టించుకున్నది తనే, ఎత్తినా ఏమంటాడు, అదే పాట, నీ కూతుర్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యవే, దాని పెళ్లినాటికి తీద్దాం అంటాడు, అని తనే పగలబడి నవ్వుతాడు, ఊరినుంచి వచ్చినప్పుడల్లా అత్తగారు వెనకనుంచి అందుకుంటుంది, మేం పెంచలేదా, పడకుండా పెరిగినవాళ్లున్నారా, నీ మొగుడు ఎన్నిసార్లు పడ్డాడో తెలుసా, తెలుసు అత్తయ్యా, అందుకే కదా ఆయన గడ్డం కింద ఆ గీత, ఆ గీత ఇంకో వేలెడు కిందికి వచ్చి ఉంటే అని ఎవరూ అనుకోరు, తను తప్ప ఎవరూ అనుకోరు.

ఇంత భయం ఎక్కణ్నుంచి వచ్చిందే నీకు అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏ కథా లేదు, చూసిన చావూ లేదు, పోగొట్టుకున్న తోబుట్టువూ లేదు, పిట్ట పుట్టిన రోజు ఆసుపత్రి గదిలో తోడుగా ఉన్న ఆడపడుచు టిఫిను తేవడానికి కిందికి వెళ్లింది, పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని మొదటిసారి ఒంటరిగా చూసింది, నడినెత్తిన మాడు కొట్టుకుంటోంది, చర్మం కింద ఎముక లేదు అక్కడ, పైకీ కిందికీ, పైకీ కిందికీ, లోపల ఎవరో చిన్నగా తలుపు తడుతున్నట్టు, ఇంత మెత్తగా వదిలేశారేమిటి ఈ లోకంలోకి, మూత వెయ్యకుండా, అనుకుంది, అరచెయ్యి దాని మీద కప్పింది, ఆనించకుండా, గాలిలోనే, గొడుగు పట్టినట్టు, మాడు ఎన్నడో పూడిపోయింది, పిట్ట మూడో తరగతికి వచ్చింది, ఆ చెయ్యి మాత్రం ఇంకా దించలేదు, మంచం మీదనుంచి దొర్లుతుందని మంచం కోళ్లు కోయించింది, నేల మీద చాపకీ మంచానికీ తేడా లేకుండా, వడ్రంగి కోస్తూ, అమ్మా ఇది మంచం కాదు పీట, అన్నాడు, బల్ల మూలలకి కాలర్లలో పెట్టే దళసరి గుడ్డ ముక్కలు తెచ్చి కుట్టింది, బాల్కనీ తలుపుకి మేకులు కొట్టించింది, కత్తులు అలమర పైన, పొయ్యి సిలిండరు పొద్దున్న ఇల్లు కదిలేముందు కట్టేయడం, ఒకసారి కట్టి రెండోసారి చూసుకుని వీధి చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి రావడం, పిట్ట చొక్కాలకి ఎండాకాలమైనా పొడుగు చేతులే, మోచేతి దగ్గర లోపలివైపు మెత్త కుట్టి, పడితే చెక్కుకుపోకుండా, బడినుంచి వచ్చాక మామ్మ పిట్టని లోపలికి పంపి బయట తాళం వేస్తుంది, తను వచ్చేదాకా తాళంచెవి మామ్మ కొంగున ఉంటుంది, వీధిలో ఏమైనా కావచ్చు, ఇంట్లో ఏమీ కాదు, ఆ తాళం పడిందనుకునే వేళకి రోజూ పెడల్ మీద ఆమె కాలు కాస్త తేలికపడుతుంది, కళ్లల్లో వత్తులేసుకుని కాపలా కాసే మనిషికి రోజు మొత్తంలో అదొక్కటే విశ్రాంతి.

బడి గేటు, మెట్లు, గోడ పట్టుకుని తనే ఎక్కింది, టీచర్ల గదిలో పిట్ట కుర్చీలో కూర్చుని ఉంది, రెండు కాళ్లూ ఉన్నాయి, తల ఉంది, కట్టు లేదు, నెత్తురు లేదు, ప్రాణం లేచొచ్చింది, అయినా పిట్ట తనని చూసి నవ్వడం లేదు, టీచరమ్మ వంక చూసి, చెప్పొద్దన్నాను కదా టీచర్, అంది, మెల్లగా, తప్పు టీచరమ్మది అయినట్టు, టీచరమ్మ లేచి, కూర్చోండి, పొద్దుట్నుంచీ ఒళ్లు వెచ్చగా ఉంది, చెయ్యి పట్టుకుంటే విలవిల్లాడింది, పైకి మడిస్తే ఇదీ, అంటూ పిట్ట ఎడమ చేతి చొక్కా నెమ్మదిగా పైకి జరిపింది, లోపల తను కుట్టిన మెత్త చీముకి తడిసి పుండుకి అతుక్కుపోయి ఉంది, ఊడదీస్తుంటే పిట్ట పెదవి కొరుక్కుంది, మోచేతికి కాస్త కింద కాలిన గాయం, ఒకవైపు సూదిగా, వెనక్కి వెడల్పుగా, అంచుల్లో తెల్లగా ఎండిన పళ్లపేస్టు, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, రోజంతా ఆ ఆకారాన్ని చేత్తో పట్టుకుని నిలబడే మనిషికి వేరే చెప్పాలా, అది ఇస్త్రీపెట్టె ముక్కు, ఇంట్లో పెట్టె, కిటికీ పక్క బల్ల మీద ఎప్పుడూ అందుబాటులో ఉండే పెట్టె, నాలుగైదు రోజులై ఉంటుందండీ, మీకు తెలియదా, అంది టీచరమ్మ, దెప్పిపొడిచినట్టు కాదు, నిజంగానే అడిగింది, అది ఇంకా గుచ్చుకుంది.

నోటి చివర మాట సిద్ధంగా ఉంది, ఎప్పుడూ ఉండేదే, చెప్పానా లేదా, పిట్ట మోకాలు గీరుకున్నా, పెన్సిలు గుచ్చుకున్నా, నీళ్లు పొలమారినా ముందు వచ్చే మాట అదే, చెప్పానా లేదా అటు వెళ్లొద్దని, చెప్పానా లేదా పరుగెత్తొద్దని, ఆ మాట బయటికి వచ్చేలోపు ఆమె వెతుక్కుంది, ఎప్పుడు చెప్పింది, ఇస్త్రీపెట్టె ముట్టుకోవద్దని ఏ రోజు చెప్పింది, వెతికింది, ఊయల ఉంది, మెట్లున్నాయి, గుండీలు, కుక్కలు, గేటు దగ్గర ఎవడో, చెరువు లేని వీధిలో చెరువు గురించి కూడా చెప్పింది, ఇస్త్రీపెట్టె లేదు, అది అన్నం పెట్టే వస్తువు, చేతిలో ఆరో వేలు, దానికి భయపడాలని తనకెప్పుడూ తోచనే లేదు, తన చేతుల మీదా ఉన్నాయి ఇలాంటి మచ్చలు, ఎన్నో లెక్క కూడా లేదు, కాలినప్పుడల్లా నోట్లో వేలు పెట్టుకుని చప్పరించి మళ్లీ బల్ల దగ్గర నిలబడటమే, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తను ఊరందరినీ దొంగలనుకుంది, చెప్పానా లేదా అన్న మాట నోట్లోనే చచ్చిపోయింది, వంగి ఆ చొక్కా చెయ్యిని పుండుకి తగలకుండా పైకి మడిచింది.

ఆసుపత్రి రెండు వీధుల అవతలే, కుడిచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది, రెండోది పిట్ట గాలిలో పెట్టుకుని నడుస్తోంది, తడిసిన రెక్క ఆరబెట్టుకున్నట్టు, ఎండ మీద పడుతోంది, ఈ నాలుగైదు రోజులూ నేనే స్నానం చేస్తాను, పెద్దదాన్నయ్యాను, నువ్వు లోపలికి రాకు, అంటే తను మురిసిపోయింది, మురుస్తూనే జారుతుందని హడలిపోయింది, స్నానాలగది తలుపు బయట నిలబడి, మాట్లాడుతూ ఉండు, ఆగకుండా మాట్లాడు, మాట ఆగితే తలుపు బద్దలు కొడతా, అంది, లోపలనుంచి పిట్ట ఎక్కాలు చదివింది, రెండో ఎక్కం, మూడో ఎక్కం, మధ్యమధ్యలో ఆగి మళ్లీ అందుకుంది, జారిందేమో అనుకుని అప్పుడల్లా తను ఉలిక్కిపడింది, జారలేదమ్మా, మర్చిపోయాను, అంది పిట్ట, మర్చిపోలేదన్నమాట, అప్పుడు నీళ్లు తగిలి ఉంటాయి, పళ్లు బిగించుకుని ఉంటుంది, తలుపుకి ఇవతల చెవి ఆనించుకుని తను జారే చప్పుడు కోసం విన్నది, మంట చప్పుడు చెయ్యదు.

ఎప్పుడే ఇది, అని అడిగింది, గొంతు కోపంగా రాలేదు, అందుకేనేమో పిట్ట చెప్పింది, చొక్కా నలిగిపోయిందమ్మా, నువ్వు వచ్చి మళ్లీ ఇస్త్రీ చేస్తావు కదా, రోజంతా చేసి వస్తావు కదా, అందుకని నేనే చేశా, కాలరు బాగా వచ్చింది, నువ్వు చేసినట్టే నీళ్లు చిలకరించి చేశా, మెట్ల మీద చెప్పుల చప్పుడైతే నువ్వనుకున్నా, గబగబా పెట్టె తియ్యబోతే జారింది, నువ్వు కాదు, పై వాటా అంకులు, అమ్మే వచ్చిందనుకుందట, తన చెప్పుల చప్పుడనుకునే కంగారుపడిందట, ఆమెకు నడక ఆగింది, మళ్లీ నడిచింది, మరి మామ్మని పిలవకపోయావా తల్లీ, తలుపు కొడితే వినపడేది కదా, పిట్ట తల అడ్డంగా ఊపింది, మామ్మ నీకు ఫోను చేస్తుంది కదా, చేస్తే నువ్వు పరుగెత్తుకొస్తావు, పెద్ద రోడ్డు చూసుకోకుండా దాటతావు, ఏ లారీనో వస్తే, అంది, చాలా మామూలుగా, రేపు బడి ఉంది అన్నంత మామూలుగా, నాన్న లేడు, నువ్వు పడిపోతే నిన్నెవరు తీసుకొస్తారు, నేను లోపలుంటాను, తాళం వేసి ఉంటుంది, నాకు తెలియదు కూడా, అందుకని పేస్టు రాసుకుని ఊరుకున్నా, చల్లగానే ఉండిందమ్మా మొదట్లో.

వ్యాను కీచుమన్న చప్పుడు ఆమె చెవిలో మళ్లీ మోగింది, పిట్టకి చెప్పలేదు, ఎవరు నేర్పారు దీనికి ఇంత దూరం ఆలోచించడం, ఏ లారీనో వస్తే అన్న ఆ గొంతు ఎవరిది, ఆ విరుపు ఎవరిది, తన గొంతే, తన మాట తీరే, మూడో తరగతి పిల్ల నోటినుంచి, ఒంటరిగా తాళం వేసిన గదిలో చేతికి పేస్టు రాసుకుని ఊదుకుంటూ, రోడ్డు మీద పడి ఉన్న తల్లిని కళ్లారా చూసుకుంటూ, ఎంతసేపు కూర్చుందో, ఆ వేళప్పుడు తను ఏం చేస్తోంది, తాళం పడింది కదా అని కాలు తేలిక చేసుకుని, చొక్కాలు తిప్పి తిప్పి ఇస్త్రీ చేస్తోంది, ఎవరి పిల్లలవో.

కట్లు కట్టే గదిలో బల్ల ఎత్తుగా ఉంది, పిట్టని ఎత్తి కూర్చోబెట్టింది, కాళ్లు వేలాడుతున్నాయి, పడుతుంది అనిపించింది, ఒక చెయ్యి వెనక పెట్టింది, నర్సమ్మ పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చూసి, పళ్లకి రాసేది చేతికి రాశావేమిటే తల్లీ, చేతికి పళ్లొచ్చాయా, అంది, పిట్ట చిన్నగా నవ్వింది, చీము పట్టింది, శుభ్రం చెయ్యాలి, మండుతుంది, డాక్టరుగారు మందులు రాస్తారు, తగ్గిపోతుంది, మచ్చ ఉంటుందేమో, అంటూనే దూది తడిపింది, అమ్మా మీరు బయట కూర్చుంటారా, కొందరు తల్లులు చూడలేరు, లేదండీ ఉంటాను, అంది, దూది పుండుని తాకింది, పిట్ట కదల్లేదు, బల్ల అంచుని గోళ్లతో పట్టుకుంది, కదల్లేదు, ఏడవలేదు, ఎంత ఓర్చుకుంటోందో చూడు బంగారం, అంది నర్సమ్మ, ఎవరైనా అదే అంటారు, బుద్ధిమంతురాలు అంటారు, ఆమె మాత్రం చూసింది, పిట్ట చేతివైపు చూడటం లేదు, దూదివైపు చూడటం లేదు, కిటికీలోంచి బయటికీ చూడటం లేదు, రెప్ప వెయ్యకుండా తన మొహంలోకి చూస్తోంది, తన కనుబొమలు ముడిపడితే పిట్ట ఊపిరి బిగపడుతోంది, తన పెదవి వణికితే పిట్ట తల అడ్డంగా ఊపుతోంది, ఏం లేదమ్మా, ఏం లేదు, అన్నట్టు, మండేది దాని చెయ్యి, ఊరడిస్తున్నది అదే.

ఎన్నాళ్లనుంచో ఇది, ఇవాళ మొదలైంది కాదు, మోకాలు గీరుకున్నప్పుడూ ముందు తన మొహంకేసే చూసేది, పెన్సిలు గుచ్చుకున్నప్పుడూ అంతే, అడిగితే చెబుదామని చూస్తోందనుకుంది, తిడుతుందేమోనని చూస్తోందనుకుంది, కాదు, అమ్మ తట్టుకుంటుందా లేదా అని చూసుకునేది, తట్టుకోదనిపించిన ప్రతిసారీ నొప్పిని లోపలికి మింగేసి ఏం లేదమ్మా అనేది, లోకంలో ఉన్న ప్రమాదాలన్నిటికీ తను కాపలా కాస్తుంటే, ఆ ఇంట్లోనే, ఆ గదిలోనే, పిట్ట ఇంకో కాపలా కాస్తూ వచ్చింది, తన మొహానికి, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎవరి కాపలా వాళ్లు, ఎవరి ఒంటరితనం వాళ్లు.

మొహం ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు, నవ్వితే అబద్ధమని పట్టేస్తుంది, నవ్వలేదు, ఏడవలేదు, వంగి పిట్ట కళ్ల ఎత్తుకి వచ్చింది, బాగా మండుతోందా, అంది, అడిగి ఆగింది, పిట్ట చూసింది, ఇంకా చూసింది, ఏదో తేల్చుకుంటున్నట్టు ఆ మొహమంతా ఒకసారి తిరిగి చూసింది, ఊ, అంది, ఇప్పుడా, ఇప్పుడూ, అప్పుడూ, రాత్రి పక్కకి తిరిగితే బాగా, అంటుండగా పెదవి కిందికి వంకరపోయింది, కళ్లు నిండాయి, ఒక్కసారిగా గొంతు పగిలేలా ఏడ్చింది, నాలుగైదు రోజుల ఏడుపు, అంతకు ముందు ఏళ్లదీ, నర్సమ్మ చెయ్యి ఆపింది, ఊరుకో తల్లీ అయిపోయింది, అంటుంటే, వద్దండీ, ఏడవనివ్వండి, అంది ఆమె, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, పిట్ట తల ఆమె భుజం మీద పడింది, బరువుగా, వేడిగా, చీమిడితో సహా, రేపు ఎక్కడో ఇంకోటి తగులుతుంది దీనికి, ఎల్లుండి ఇంకోటి, తను ఎరిగినదో ఎరగనిదో, తను లేనప్పుడో పక్కనే ఉన్నప్పుడో, ఆపడం తన వల్ల కాదు, కానీ తగిలిన పిల్ల ఏడవడానికి పరుగెత్తే చోటు ఒకటి ఉండాలి, ఆ చోటు తనే అనుకుంటూ ఇన్నాళ్లూ గడిపింది, కాలేదు, ఇదిగో, ఈ గదిలో, ఇప్పుడే మొదటిసారి అయింది.